మిరప కల్లంలో ఈత రెక్కలు

బాలస్వామి ఆ వస్తువును రెండు చేతుల్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఏ పంటకమ్మా?" అని అడిగాడు.

ఆయన అలా అడగడంలో వింతేమీ లేదు. చిలకలూరిపేటలో అద్దంకి రోడ్డు మీద ఉన్న ఆయన కొట్టుకు వచ్చేదల్లా ఏదో ఒక పంటకు సంబంధించిందే. పురుగుమందు కొట్టే స్ప్రేయర్లు, వాటి గొట్టాలు, నాజిళ్లు, అరిగిపోయిన వాషర్లు. ఈ వస్తువు మాత్రం ఒక నల్లటి రబ్బరు బూటు, దాంతోపాటు రెండు మూరలకు కాస్త తక్కువ పొడవున్న పల్చటి పలక. పలకను వంచితే విల్లులా వంగి టక్కున నిటారుగా లేస్తోంది.

పక్కనే ఎరువుల కొట్టు నాది. అందుకని ఈ సంగతంతా మొదటి నుంచీ నాకు తెలుసు.

ఆ వస్తువు తెచ్చిన అమ్మాయి శ్రీరమ్య. హైవే పక్కన ఎప్పుడో మూతపడిన పత్తి జిన్నింగు మిల్లుకు మేనేజరుగా చేసిన శివరామకృష్ణ గారి కూతురు. అండమాన్‌లో ఉంటుంది. ఊపిరి బిగబట్టి సముద్రంలోకి దిగడం నేర్పే బడి ఒకటి నడుపుతుంది. సెలవుకు ఇంటికి వస్తూ తన ఈత రెక్కల్ని విడి భాగాలుగా తెచ్చుకుంది, తీరిగ్గా బిగించుకుందామని. బొటనవేలి గోరు లేచిపోయింది గానీ రెక్క బూటులోకి దిగలేదు. "రబ్బరంటే బాలస్వామి. ఆయన దగ్గరికి పో," అన్నారట వాళ్ల నాన్న.

ఆ మాట నిజం. బాలస్వామి ఆ మిల్లులో ఇరవై ఒక్క ఏళ్లు బెల్టులు చూసుకున్నాడు. జారబోయే బెల్టు ముందుగా ఒక రకంగా ఈల వేస్తుందని, అది తనకు మిల్లు గేటు దగ్గరే వినపడేదని చెబుతుంటాడు. మిల్లు మూసేశాక ఈ కొట్టు పెట్టుకున్నాడు. తక్కువ మాట్లాడతాడు. చేతిలో పని ఉంటే అసలు మాట్లాడడు.

"ఏ పంటకీ కాదండీ. కాళ్లకు తొడుక్కుని నీళ్లలో కిందికి వెళ్లడానికి," అంది శ్రీరమ్య.

"చేపలు పట్టేదానికా?"

"కాదండీ. ఊరికే. ఎంత లోతు దిగగలమో అంత దిగి, పైకి రావడం."

"వీపున సిలిండరు ఉంటదిగా."

"ఉండదు. ఒక్క ఊపిరి మీదే."

బాలస్వామి పలకను ఇంకోసారి వంచి వదిలాడు. "కింద ఏముంటదమ్మా?"

"ఏమీ ఉండదండీ. చీకటి."

ఇంకెవరైనా నవ్వేవాళ్లు. నేను నవ్వాను కూడా. ఆయన నవ్వలేదు. "అయితే ఇది జాగ్రత్తగా చెయ్యాల్సిన పని," అన్నాడు. ఆ అమ్మాయి వెళ్లాక నాతో అన్నాడు: "ఏదన్నా తెచ్చుకుందామని పోయేవాడికి తిరిగి రావాలనే ఆత్రం ఉంటది. ఊరికే పోయేవాణ్ణి ఎనక్కి తీసుకురావాల్సింది ఈ బూటే గదా."

సాయంత్రానికల్లా పని పట్టు దొరికింది ఆయనకు. బూటు అరికాలి కింద ఒక చీలిక ఉంటుంది. రెండు పక్కల నుంచీ రెండు రబ్బరు కమ్ములు ముందుకు వచ్చి ఉంటాయి, వాటి లోపలివైపు గాడి. రెక్క మొదలు చీలికలోకి, అంచులు గాడిలోకి పోవాలి. బలవంతం చేస్తే రబ్బరు చిరుగుతుంది, లేదంటే రెక్క పగులుతుంది. ఆయన ముందు అంచుల్ని ఎమరీ కాగితంతో రుద్ది నున్నగా చేశాడు. వేడినీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి బూటును పావుగంట నానబెట్టాడు. తర్వాత దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, గేదెకు మందు పోసేవాడు దాని నోరు తెరిచినట్టు ఆ చీలికను రెండు వేళ్లతో విప్పి, రెక్కను ఎడమకోసారి కుడికోసారి ఆడిస్తూ లోపలికి పంపాడు. దిగింది. వెంటనే పీకేశాడు.

"అదేంటి?" అన్నాను.

"ఇది కొలత చూసుకోడానికి," అన్నాడు.

ఆరాక జిగురు రాసి మళ్లీ దించాడు. మడమ మధ్య నుంచి రెక్క కొనదాకా దారం లాగి పట్టుకుని, ఒంటి కన్నుతో చూసి, వెంట్రుకవాసి పక్కకు జరిపాడు. పాత సైకిలు ట్యూబును పట్టీలుగా కోసి చుట్టూ బిగించి ఒక రోజంతా కదలకుండా ఉంచాడు.

శ్రీరమ్య వాటిని బాపట్ల దగ్గర సూర్యలంక తీసుకెళ్లి ఈది చూసింది. తిరిగొచ్చి ఆయన చేతులు పట్టుకుంది. నెల తిరిగేసరికి అండమాన్ నుంచి ఇరవై నాలుగు జతల బూట్లు, రెక్కలు విడివిడిగా పార్శిల్లో వచ్చాయి.

చిక్కు అక్కణ్ణించి మొదలైంది. ఒక్క జత అయితే ఆ అమ్మాయే ఈది చూసుకుంది. ఇరవై నాలుగు జతలు సరిగ్గా కూర్చున్నాయో లేదో తెలిసేదెలా? ఫోను చేసి అడిగాడు. "కాళ్లకు తొడుక్కుని ఆడించి చూడండి బాలస్వామి గారూ. తేడా ఉంటే శబ్దం వస్తుంది. రెండు కాళ్లకూ ఒకే బరువు తెలియాలి," అంది శ్రీరమ్య.

ఎక్కడ ఆడించాలి? అది మార్చి నెల. కాలవలో నీళ్లు లేవు. ఉన్నా ఆయనకు ఈత రాదు. కొట్టు ముందు పడుకుంటే రెక్కలు నా యూరియా బస్తాలకు తగులుతున్నాయి. రెండు రోజులు ఆలోచించి మూడో రోజు ఒక నులకమంచం నెత్తిన పెట్టుకుని, రెక్కల మూట భుజాన వేసుకుని యలమందయ్య గారి కల్లానికి బయల్దేరాడు. యలమందయ్య ఊరి బయట పదిహేను ఎకరాల మిరప వేసే రైతు. బాలస్వామి భార్య హనుమాయమ్మ ఆ కల్లంలోనే పని చేస్తుంది. తొడిమలు తీసే ముప్పై మంది ఆడవాళ్ల ముఠాకు ఆవిడే మేస్త్రి. అంత చదునైన, ఖాళీ చోటు ఆయనకు ఇంకెక్కడా తోచలేదు.

ఎర్రగా పరిచిన కాయల పక్కన మంచం వేశాడు. కాళ్లకు రెక్కలు తొడుక్కున్నాడు. మంచం మీద బోర్లా పడుకుని, నడుము దాకా మంచం మీద, కాళ్లు గాలిలో పెట్టి, చెవులు రిక్కించి ఈదడం మొదలుపెట్టాడు.

ముప్పై మంది ఆడవాళ్లూ పని ఆపేశారు.

హనుమాయమ్మ లేచి వచ్చింది. సిగ్గుతో మొహం కందిపోయిందని ఆవిడే తర్వాత చెప్పింది. "ఏమయ్యా, ఏంటిది?"

"మాట్లాడమాకే. శబ్దం వింటన్నా."

ఆవిడ ఇంకేదో అనబోయి ఆగింది. మొహానికి చల్లగా గాలి తగిలింది. రెండు మూరల రెక్కలు రెండు, ఒకదాని తర్వాత ఒకటి, ఎండలో పెద్ద విసనకర్రల్లా ఊగుతున్నాయి. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించుకుని, "ఎట్టాగూ ఈదుతన్నావుగా. కాస్త మంచం ఇటు తిప్పుకుని ఈదు," అంది.

అప్పటి నుంచి జతకు రెండొందల తన్నులు లెక్క పెట్టుకున్నాడు ఆయన. చెవి శబ్దం మీద పెడితే లెక్క తప్పిపోతోందంటే ఆడవాళ్లే తొడిమలు తీస్తూ పైకి లెక్క పెట్టారు. మూడో జత ఎడమ రెక్కలో టిక్కుటిక్కుమని వినిపిస్తే విప్పి మళ్లీ బిగించాడు. యలమందయ్య గారు ఆ గాలికి కాయల మీది దుమ్ము, రాలిన గింజ, ఎండుటాకు ఎగిరిపోవడం గమనించారు. ఇరవై నాలుగూ అయిపోయాక, "బాలస్వామీ, రేపు కూడా వచ్చి కాసేపు ఈది పోరాదూ. ఆ మూల రాశి మిగిలింది," అన్నారు.

"పరీక్షకేనండీ ఇది. ఊరికే ఈదకూడదు," అన్నాడు బాలస్వామి. ఆయన దృష్టిలో పని పనే.

పార్శిలు ఆఫీసు గుమాస్తా ఖాజావలి అట్టపెట్టెలు అందుకుంటూ వరసగా నాలుగు తుమ్ములు తుమ్మాడు. మా ఊళ్లో మార్చిలో తుమ్మితే ఎవరూ పట్టించుకోరు. సరుకు పేరు ఏం రాయాలో తెలియక వ్యవసాయ పనిముట్లు అని రాసి పంపేశాడు.

పది రోజుల తర్వాత ఫోను వచ్చింది. బాలస్వామి స్పీకరు పెట్టడంతో నేనూ విన్నాను.

"బాలస్వామి గారూ, బూట్లలో ఏం పూశారండీ?"

"ఏం పూయలేదమ్మా. సబ్బునీళ్లే. ఏమైంది?"

"అందరికీ కాళ్లు మండుతున్నాయి. ఎనిమిది మంది పడవ మీద కాళ్లు పట్టుకుని కూర్చున్నారు. ఒకాయన ఇరవై మీటర్ల లోతు నుంచి పైకొచ్చి రెక్కలు విప్పకుండానే పడవ ఆ చివరి నుంచి ఈ చివరికి పరిగెత్తాడు."

రెక్కలు ఊగినప్పుడు లేచిన కారం దుమ్మంతా బూట్లలోకి పోయి రబ్బరుకు పట్టేసిందని బాలస్వామికి అప్పుడు వెలిగింది. ఇరవై నాలుగు జతలు దారం లాగి చూసినవాడు ఒక్క జతనైనా వాసన చూడలేదు. ఫోను హనుమాయమ్మకు ఇచ్చాడు. ఆవిడ అప్పుడే అన్నం క్యారేజీ తెచ్చి కొట్టు మెట్టు మీద కూర్చుంది.

"అమ్మాయి గారూ, నీళ్లు పొయ్యనీమాకండి, ఇంకా మండుద్ది," అంది ఆవిడ, ముఠాలో కొత్తగా చేరిన పిల్లకు చెప్పినట్టు. "మజ్జిగలో పెట్టించండి కాళ్లు. చిక్కటి మజ్జిగ. అరగంట."

ఆ రోజు అండమాన్‌లో ఎక్కడెక్కడి దేశాల నుంచో వచ్చిన ఎనిమిది మంది ఈతగాళ్లు రెండు ప్లాస్టిక్ తొట్ల చుట్టూ కూర్చుని మజ్జిగలో కాళ్లు పెట్టుకున్నారు. శ్రీరమ్య ఫొటో పంపింది. బాలస్వామి దాన్ని చూడనన్నాడు. మూడు రోజులు కొట్టు తెరవలేదు. రైతులు స్ప్రేయర్లు తెచ్చి నా దగ్గర పెట్టి పోయారు.

నాలుగో రోజు మళ్లీ శ్రీరమ్య ఫోను. పడవ మీద పరిగెత్తిన ఆయన పేరు యూహాని, ఫిన్లాండు దేశస్తుడు. ఈత రెక్కల్ని శ్రీరమ్య ఫిన్నులంటుంది గదా, అవి ఈ దేశం నుంచే వస్తాయి కాబోలనుకున్నాడు బాలస్వామి, అడగలేదు. ఆ దేశంలో చలికాలం చెరువులు గడ్డకట్టుకుపోతాయట. యూహాని మంచుకు కన్నం చేసి దాని కిందికి దిగుతాడట. పద్దెనిమిదేళ్లుగా ఈ పని చేస్తున్నాడు గానీ, ఆ నీళ్లలో మునుగుతూ తేలుతూ ఉంటే పది నిమిషాలకల్లా కాలివేళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయో లేవో కూడా తెలియకుండా పోతాయట. పడవ మీద మంట తగ్గాక ఆయన కూర్చుని ఆలోచించి, అలాంటివే ఇంకో రెండు జతలు కావాలన్నాడు.

"అట్టాంటివే అంటే?" అన్నాడు బాలస్వామి.

"మంటతో."

బాలస్వామి ఫోను పెట్టేశాడు. ఆ రోజు ఆయనకు వచ్చినంత కోపం నేను ఎప్పుడూ చూడలేదు. కోపమంటే అరవలేదు. ఒక వాషరు తీసుకుని దాన్నే పది నిమిషాలు తుడిచాడు. "బిగింపు గురించి ఒక్క మాట అన్నాడా? నేను చేసిన పని అడగలా. నేను చేసిన తప్పు అడిగాడు," అన్నాడు నాతో.

హనుమాయమ్మ అలా అనుకోలేదు. మిరపకాయ గురించి ఆవిణ్ణి ఇంతవరకు ఎవరూ సలహా అడగలేదు. ఆవిడే ఫోను చేసి శ్రీరమ్యను నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో, కాలు పగుళ్లున్న మనిషా, వయసెంత అని కనుక్కుంది. "మొదటిసారి తేజా కాయ వద్దు, తట్టుకోలేడు," అని తేల్చింది. "మూడొందల ముప్పై నాలుగు రకం కాయ వేద్దాం. అది నిదానంగా ఎక్కుద్ది." గింజ తీసేసి, పొట్టు మాత్రం మెత్తగా దంచి, గుడ్డలో వడకట్టి, బూటు లోపల వేళ్ల దగ్గర మాత్రమే చిటికెడు రుద్దింది. మడమ దగ్గర వద్దంది, అక్కడ చర్మం మందం కాబట్టి దండగట.

దాంతో ఆ ఇంట్లో రెండు రకాల పని మొదలైంది. బాలస్వామి కొట్టులో శుభ్రమైన రెక్కలు బిగించేవాడు. పరీక్షకు వెళ్లేటప్పుడు బూట్ల మూతికి పాలిథీన్ కవర్లు కట్టుకునేవాడు. ఇంటి వసారాలో హనుమాయమ్మ మంట రెక్కలు తయారు చేసేది. పెట్టెల మీద ఒకదానికి 'మంట లేనివి', ఇంకోదానికి 'మంట ఉన్నవి' అని నా చేత రాయించారు. చలిదేశాల వాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారేమో, మంట ఉన్న పెట్టెలే ఎక్కువ పోయేవి. ఆవిడకు ఫోన్లు వచ్చేవి. ఆయనకు రాలేదు. ఆయన దారం లాగి, ఒంటి కన్నుతో చూసి, వెంట్రుకవాసి జరుపుతూనే ఉన్నాడు.

మరుసటి ఏడాది ఏప్రిల్లో యూహాని స్వయంగా వచ్చాడు, శ్రీరమ్య వెంట. తెల్లగా, పొడుగ్గా ఉన్న మనిషి. బస్సు దిగేటప్పటికే మొహం పండు మిరపకాయ రంగుకు తిరిగింది. కల్లానికి తీసుకెళ్లి మంచం మీద కూర్చోబెట్టి, ఎండన పడి వచ్చాడు గదా అని యలమందయ్య గారు పెద్ద చెంబుతో మజ్జిగ ఇచ్చారు. యూహాని చెంబులోకి చూశాడు. దణ్ణం పెట్టాడు. కిందికి వంగి ఎడమ బూటు విప్పి, సాక్సు తీశాడు. శ్రీరమ్య సమయానికి చెయ్యి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. తాగాలని చెబితే ఆశ్చర్యపోయి తాగాడు.

ఆయన అడిగిందల్లా ఒక్కటే, ఈ రెక్కల్ని పరీక్షించే పద్ధతి చూడాలని. బాలస్వామి తన మంచం వేశాడు. రెండో మంచం కూడా తెప్పించారు. ఇద్దరూ పక్కపక్కన బోర్లా పడుకుని ఈదడం మొదలుపెట్టారు. యూహాని కాళ్లు ఇంకా పొడవు, గాలి బాగా వస్తోందని ఆడవాళ్లు ఆయన మంచం వైపు జరిగి కూర్చున్నారు. యూహాని అని నోరు తిరగక యోహాను గారు అనసాగారు. నూట ముప్పై దాకా లెక్క వెళ్లి ఉంటుంది.

అంతలో పడమటి నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. ఆ కాలంలో కల్లంలో కాయ ఉండగా వాన పడటమంటే ఏమిటో మా వైపు ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఏడాది కష్టం గంటలో నల్లబడి బూజు పడుతుంది. "పట్టాలు, పట్టాలు," అని యలమందయ్య గారు కేక వేశారు. ఆడవాళ్లు కాయల్ని మధ్యకు నెట్టి రాశి చేశారు, నేనూ పార పట్టాను. నీలం రంగు పట్టాలు లాగి కప్పుతుంటే గాలి వాటిని ఎత్తి కొడుతోంది. బరువు పెట్టడానికి రాళ్లు చాలలేదు. బాలస్వామి రెక్కలు విప్పుకునే వ్యవధి లేక అలాగే అంగలు వేసుకుంటూ వచ్చి పట్టా ఒక మూల మీద బోర్లా పడ్డాడు. అది చూసి యూహాని కూడా రెక్కలతోనే రెండో మూల మీద పడ్డాడు. శ్రీరమ్య, హనుమాయమ్మ అవతలి అంచు మీద కూర్చున్నారు.

వాన దబదబా కొట్టింది. పట్టా మీద పల్లమున్న చోట నీళ్లు జానెడు లోతున నిలిచాయి. యూహాని కాళ్లు ఆ నీళ్లలో ఉన్నాయి. ఒళ్లు వేడెక్కి ఉన్న మనిషికి హాయిగా అనిపించిందేమో, మెల్లగా ఒకసారి తన్నాడు. ఇంకోసారి తన్నాడు. ఆగి, తల పక్కకు తిప్పి బాలస్వామి వైపు చూశాడు. ఎడమ కాలు ఎత్తి చూపించాడు, కుడి కాలు ఎత్తి చూపించాడు.

"సమ," అన్నాడు. మళ్లీ రెండు కాళ్లూ చూపించి, "సమ, సమ," అన్నాడు.

అది వాళ్ల భాషే. ఒకటే అని అర్థమట, శ్రీరమ్య తర్వాత చెప్పింది. ఆ రోజు బాలస్వామికి ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. వాన మొహం మీద కొడుతుంటే కళ్లు చిట్లించుకుని, "సమంగా ఉండక ఎట్టా? దారం లాగి చూశాను గదా," అన్నాడు తెలుగులో. యూహాని తల ఊపాడు. నాలుగు రెక్కలు పట్టా అంచున బయటికి చాచుకుని ఉన్నాయి.

వాన వెలిశాక యలమందయ్య గారు పట్టా కింద చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీసి చూసుకున్నారు. పొడిగానే ఉన్నాయి. బాలస్వామి లేవబోతే ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపారు.

"ఇంకో పావుగంట పడుకోండయ్యా ఇద్దరూ," అన్నారు. "గాలి ఇంకా తగ్గలా."